డెక్ టికెట్ దొరకనివాళ్ళు

మా ఇంట్లో యుద్ధం గురించి చెప్పినవాళ్ళెవరూ తుపాకీ పట్టినవాళ్ళు కాదు. తాత బర్మాలో రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నాయనమ్మ పెళ్ళయిన రెండో ఏడు అతని వెనక ఓడెక్కి వెళ్ళింది. బడి పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధమంటే హిట్లరు, పెర్ల్ హార్బర్, హిరోషిమా. మా ఇంట్లో మాత్రం అదొక టికెట్టు గొడవ. జపాన్ వాడి బాంబుల సంగతి నాయనమ్మ రెండు ముక్కల్లో తేల్చేసేది. టికెట్టు కథ మొదలుపెట్టిందంటే పొయ్యి మీద కూర మాడాల్సిందే.

శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెలో కదిపినా "మా తాత రంగం పోనాడు" అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. రంగం అంటే రంగూనే. విశాఖలోనో, కాకినాడలోనో, గోపాలపూర్‌లోనో స్టీమరు ఎక్కేవాళ్ళు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ డబ్బుతో ఓడ చార్జీ, ఇంట్లోకి నాలుగు గింజలు, మిగిలితే పాత అప్పుకి వడ్డీ. అవతలికి వెళ్ళాక కూలిలోంచి వారం వారం కోసుకునేవాడు. ఎంత కోశాడు, ఇంకా ఎంత ఉంది అన్న లెక్క వాడి పుస్తకంలోనే ఉండేది, ఆ పుస్తకం చదవడం మా తాతకు రాదు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూన్ నగరంలోనైతే సగానికి పైగా జనం మనవాళ్ళే. రేవులో బస్తాలు దింపే ఎక్కించే పని చాలావరకు తెలుగు కూలీలది. వాళ్ళంటే బర్మావాళ్ళకు పడేది కాదు. 1930 మే నెలలో రేవు దగ్గరే మొదలైన కొట్లాటలో వంద మందికి పైగా చచ్చిపోయారు. తప్పంతా వాళ్ళదే అని నేను అనను. ఆ పదేళ్ళ మాంద్యంలో డెల్టాలో బర్మా రైతుల పొలాలు అప్పుల కింద తమిళ వడ్డీ వ్యాపారుల, అంటే చెట్టియార్ల, చేతికి పోయాయి. పొలం పోయినవాడి కోపం చెట్టియారు దాకా చేరదు కదా, బస్తా మోసేవాడి వీపు మీద పడుతుంది. ఇది తెలిస్తే గానీ తర్వాత ఐదు లక్షల మంది ఎందుకు అడవులకు అడ్డంపడి పరుగెత్తారో అర్థం కాదు. వాళ్ళు జపాన్ సైన్యానికి ఒక్కదానికే భయపడలేదు. తెల్లవాడి పోలీసు లేని ఊళ్ళో మిగిలిపోవడానికి భయపడ్డారు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. చనిపోయినవాళ్ళు రెండు వేల మంది దాకా ఉంటారని అంటారు. అంతమంది ఎందుకు పోయారంటే, జనం ఇళ్ళలో దాక్కోలేదు, వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. "అందరూ పైకి సూస్తన్నారు గుంటా, రథం వస్తంతే సూసినట్టు. నాను కూడా సూసినాను. ఎండకి మెరుస్తన్నాయి." అంతే, బాంబుల గురించి ఆవిడ చెప్పింది. ఆ తర్వాత ఏం చూసిందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. క్రిస్మస్ రోజు మళ్ళీ పడ్డాయి.

రేవు ఖాళీ అయిపోయింది. కూలీలందరూ మూటలు కట్టుకుని ఉత్తరాన ప్రోమ్ రోడ్డు పట్టారు. ఇక్కడే టికెట్టు కథ మొదలవుతుంది. చైనాకి పోవాల్సిన అమెరికా సరుకు రంగూన్ రేవులో గుట్టలు పడి ఉంది. అది దింపడానికి మనుషులు కావాలి. అందుకని సర్కారు వాళ్ళు రోడ్డు మీద ఆపి, కూలి పెంచుతాం, ఊరి బయట క్యాంపులు కడతాం, భయం లేదు అని నచ్చజెప్పి వెనక్కి తిప్పారు. తాత, నాయనమ్మ, చినతాత ముగ్గురూ అలా వెనక్కి వచ్చినవాళ్ళే. ఆ తర్వాత, పనిచేసే వయసున్న భారతీయ మగవాడికి అనుమతి లేకుండా డెక్ టికెట్టు, అంటే ఓడ పైతట్టు మీద కూర్చుని పోయే చౌక టికెట్టు, ఇవ్వకూడదని పెట్టారు. ఆడవాళ్ళు, పిల్లలు పోవచ్చు. క్యాబిన్‌కి డబ్బు పెట్టగలిగినవాడికి ఈ పేచీ లేదు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నాయనమ్మ చెప్తుంటే తాత చేతకానితనాన్ని దెప్పుతోంది అనుకునేదాన్ని. "ఈ మనిసికి టిక్కెట్టు తేవడం సేత కానేదు" అనేది. తాత ఏమీ అనేవాడు కాదు, చుట్ట వెలిగించుకుని అరుగు మీదికి పోయేవాడు. తేవడం అతని చేతిలో లేదని, అదొక ఆర్డరని ఆయనకీ సరిగ్గా తెలుసో లేదో. కౌంటరులో "లేదు పో" అన్నారు, అంతవరకే తెలుసు. రంగూన్ పడిపోయేలోపు ఓడల మీద బయటపడ్డవాళ్ళు డెబ్భై వేల మంది దాకా ఉన్నారు. మిగిలిన లక్షల మంది నడిచారు. నడకలో పోయినవాళ్ళని జపాన్ ఖాతాలో రాయడం తేలిక. రాసేయొచ్చు కూడా, దండెత్తింది వాడే. కానీ వాళ్ళలో కొందరిని అక్కడ కాళ్ళు కట్టి ఉంచింది మాత్రం జపాన్ కాదు.

నాయనమ్మకు టికెట్టు దొరికేదే. చంటిపిల్లతో ఉంది, పైగా ఆడమనిషి. నువ్వు ఎక్కేయ్ అన్నాడట తాత. నాను ఎక్కను అందట. పద్దెనిమిదేళ్ళు కూడా నిండని మనిషి. ఓడలో ఒక్కతే పోవడం కన్నా మొగుడితో అడవిలో పోవడం మేలనుకుంది. ఆ మాట అన్నందుకు జన్మంతా ఏడ్చిందో, గర్వపడిందో నాకు చివరిదాకా తేలలేదు.

1942 ఫిబ్రవరి 20న నగరం ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. అప్పుడిక ఆపేవాళ్ళు లేరు, పంపేవాళ్ళూ లేరు. జైళ్ళు తెరిచేశారు. జంతువుల శాలలో క్రూరమృగాలను కాల్చేశారు. మార్చి 8న జపాన్ సైన్యం ఊళ్ళోకి దిగింది. ఆ లోపే మావాళ్ళు ప్రోమ్ చేరి, ఇరావతి నది దాటి, ఆరకాన్ కొండల్లోకి నడిచారు. కొండలకు అవతల, సముద్రం వైపు తౌంగప్ అనే ఊరు ఉంది. నూరు మైళ్ళ పైచిలుకు దూరం. అక్కడి నుంచి పడవ మీద అక్యాబ్, అక్యాబ్ నుంచి చిట్టగాంగ్. లక్షకు పైగా మనవాళ్ళు ఆ దారినే వచ్చారు.

ఆ దారిలో నీళ్ళు లేవు. వేసవి, ఎండిపోయిన వాగులు. నీళ్ళున్న చోట ముందు వచ్చినవాళ్ళు కడుక్కున్నారు, తాగారు, అక్కడే పడుకున్నారు, అక్కడే చచ్చిపోయారు. కలరా అలాగే పట్టుకుంది. దారి పక్క గ్రామాలవాళ్ళు వెదురు గొట్టాల్లో నీళ్ళు అమ్మారట. నాయనమ్మ కాళ్ళ కడియాల్లో ఒకటి నీళ్ళకు పోయింది, ఒకటి పడవకు పోయింది. "ఒక కాలిది తాగీసినాం" అని నవ్వేది. పళ్ళు లేని నోటితో ఆ నవ్వు చూస్తే మేము కూడా నవ్వేవాళ్ళం, చిన్నపిల్లలం కదా.

పిల్ల మూడో మజిలీలో పోయింది. విరేచనాలు మొదలైన సాయంత్రానికే. తాత చేతులతోనే గొయ్యి తవ్వబోతే నేల రాయి, దిగలేదు. ఆకులు కప్పి, పైన రాళ్ళు పేర్చి వచ్చారు. ఆగితే వెనక వచ్చే గుంపు తొక్కేస్తుంది, గుంపు విడిచి మిగిలిపోతే దోపిడీగాళ్ళు. కాబట్టి ఎంతసేపు ఉన్నారు అని నేనడిగితే, "పొద్దు గూకీలోగా నీళ్ళ కాడికి ఎల్లాల గదే" అంది. తొమ్మిది నెలలు బతికిన ఆ మనిషిని మేము ఇప్పటికీ పెద్దత్త అనే అంటాం. మా నాన్న పుట్టకముందే పోయిన అక్క. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేటప్పుడు ఆవిడకు కూడా ఒక గుడ్డ పెడతారు. చిన్నగౌను కాదు, చీరే. బతికుంటే కట్టేది కదా అని.

ఇలా పోయినవాళ్ళు మొత్తం ఎంతమంది అంటే పది వేల దగ్గర మొదలుపెట్టి యాభై వేలు దాటించి చెప్పేవాళ్ళున్నారు. ఇంత తేడా ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి. బయల్దేరినప్పుడు రాసుకున్న రిజిస్టరు లేదు. చేరాక రాసుకున్నవాళ్ళున్నారు గానీ, చేరనివాడు ఏ రిజిస్టర్లోకి ఎక్కుతాడు?

మా వాళ్ళది ఒక దారి. ఇంకో దారి మాండలే మీదుగా చింద్విన్ నది పట్టుకుని కలేవా, తాము, అక్కడి నుంచి మణిపూర్‌లోకి. ఇంకోటి ఉత్తరాన మిచ్చీనా నుంచి హుకాంగ్ లోయ గుండా పాంగ్‌సౌ కనుమ దాటి అస్సాంలో లేడో దాకా. మే నెల సగమయ్యేసరికి వాన పట్టుకుంది, ఆ లోయలో బురదలో కూరుకుపోయిన శవాల గురించి టీ తోటల దొరలు రాసుకున్నది చదివితే రాత్రి నిద్ర పట్టదు. అస్సాం వైపు సహాయ శిబిరాలు నడిపింది ఎక్కువగా టీ తోటల సంఘం. తోట కూలీలను పంపి దారి వేయించారు, అన్నం వండించారు. అవి లేకపోతే చావులు ఇంకెన్నో రెట్లు ఉండేవి. అది ఒప్పుకోవాలి.

అది ఒప్పుకుంటూనే ఇంకోటి కూడా చెప్పుకోవాలి. మణిపూర్ వైపు తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని నడిచిందని అప్పట్లో పెద్ద గొడవ అయ్యింది. మంచి దారిలో లారీలు, ఆగేచోట ఆహారం. రెండోదాంట్లో కొండ ఎక్కు, కొండ దిగు. గాంధీ దీని మీద రాశారు, ఏప్రిల్ చివర్లో అలహాబాద్‌లో కూర్చున్న కాంగ్రెస్ కమిటీ తీర్మానం చేసింది. సర్కారువాళ్ళు అలాంటిదేమీ లేదన్నారు. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా అనగానే జనం అంత భగ్గుమన్నారంటే, బర్మా నుంచి వచ్చినవాళ్ళు రైలు స్టేషన్లలో చెప్పుకున్న కథలకు కూడా అందులో వాటా ఉందని నా నమ్మకం. తన ప్రజలను వదిలేసి పారిపోయే సర్కారు ఎలా ఉంటుందో వాళ్ళు చూసి వచ్చారు.

మావాళ్ళు ఏప్రిల్లో హౌరా నుంచి రైల్లో దిగేసరికి ఇక్కడ ఇంకో తమాషా. ఏప్రిల్ 6న విశాఖ రేవు మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. విశాఖ జనం సామాన్లు బండ్లకెత్తి పల్లెలకు పారిపోతున్నారు. స్టేషన్లో ఒకాయన తాతను పట్టుకుని "జపాన్ వాడొస్తన్నాడట, ఎటెల్దాం బాబూ" అని అడిగాడట. తాతకు కోపం వచ్చిన సందర్భాలు నాకు తెలిసి రెండే, అందులో ఇదొకటి.

చినతాత రాలేదు. ఫిబ్రవరిలో అందరూ కదిలినప్పుడు ఇంకొక వారం చేస్తే రెట్టింపు కూలి అన్నారని ఆగాడు. వెనకాలే వచ్చి కలుస్తానన్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పెళ్ళి కాలేదు. బర్మాలో మిగిలిపోయిన భారతీయులు ఇంచుమించు వచ్చినవాళ్ళంతమంది ఉన్నారు. మూడేళ్ళు జపాన్ పాలనలో వాళ్ళెలా బతికారన్నది మనవైపు పెద్దగా ఎవరూ రాయలేదు. 1946లో మా పక్క ఊరికి తిరిగొచ్చిన ఒకాయన చెప్పిన కబురు ఒక్కటే మాకు ఆధారం: నీ తమ్ముడిని తన్‌బ్యుజాయత్ వైపు రైలు పనికి తోలుకుపోయారు, వానాకాలంలో. ఏ వానాకాలమో కూడా చెప్పలేదు, 1943దే అయ్యుండాలి.

ఆ రైలు సంగతి చాలామందికి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' అనే వంతెన సినిమా వల్ల తెలుసు. థాయ్‌లాండ్‌లో బాన్ పోంగ్ దగ్గర నుంచి బర్మాలో తన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్లు. సింగపూర్ చుట్టూ తిరిగి రంగూన్‌కి సరుకు తేవాలంటే సముద్రంలో సబ్‌మెరైన్ల భయం, అందుకని అడవిలోంచి పట్టాలు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబర్ 17కల్లా రెండు వైపుల నుంచి కలిపేశారు. సినిమాలో ఉన్నది తెల్ల సైనికులు. దాదాపు 60 వేల మంది యుద్ధ ఖైదీలు పనిచేశారు, 12 వేల మందికి పైగా పోయారు. కానీ అక్కడ పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళు కానే కాదు. రెండు లక్షల దాకా ఆసియా కూలీలు. బర్మావాళ్ళు, మలయా రబ్బరు తోటల నుంచి తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళు, మలయాళీలు, ఇంకా జావావాళ్ళు. మలయా తోటల్లో రోజుకు డాలరు కూలి, మూడు నెలల పని అని ఆశ పెట్టారు. ఆశకు లొంగనివాళ్ళను పట్టుకుపోయారు. చచ్చిపోయినవాళ్ళు 70 వేలనీ 90 వేలనీ రకరకాలుగా రాస్తారు.

ఎందుకంత ఎక్కువమంది పోయారు? ఖైదీలు సైనికులు కాబట్టి వాళ్ళలో వాళ్ళకే డాక్టర్లున్నారు, ఆఫీసర్లున్నారు. నీళ్ళు కాచి తాగాలి, దొడ్డి దూరంగా తవ్వాలి అని గద్దించి చేయించేవాళ్ళున్నారు. ఎవడు ఏ రోజు పోయాడో దొంగచాటుగా రాసి దాచినవాళ్ళున్నారు. కూలీలకు ఇవేవీ లేవు. వానలో కలరా వస్తే గుడిసెకు గుడిసే పోయేది.

జపాన్ వాడు ఆసియా ఆసియావాళ్ళకే అంటూ వచ్చాడు. ఇక్కడ మనవాళ్ళు మాట్లాడటానికి ఇష్టపడని సంగతి ఒకటి ఉంది. నేతాజీ ఫోటో మా ఇంటి హాల్లో ఇప్పటికీ ఉంది, నేనే తుడుస్తాను. ఆయన సైన్యానికి గొడుగు పట్టింది ఎవరో, మా చినతాతను తోలుకుపోయింది కూడా వాళ్ళే. మలయాలో రైలు పనికి పట్టుకుపోతారన్న భయంతో ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే గోడ మీద పట్టవని అనుకునేవాళ్ళు ఉంటారు. మా ఇంట్లో పట్టాయి.

తన్‌బ్యుజాయత్ వెళ్దామని చాలా రోజులు అనుకున్నాను. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఆ దేశంలో మళ్ళీ యుద్ధమే, ముప్ఫై లక్షల మందికి పైగా ఇళ్ళొదిలి సొంత దేశంలోనే తిరుగుతున్నారు. అందుకని రెండో చివరికి, థాయ్‌లాండ్‌లో కాంచనబురికి వెళ్ళాను. స్టేషన్ దగ్గరే యుద్ధ శ్మశానం. దాదాపు ఏడు వేల సమాధులు. గడ్డి కత్తిరించి, దాదాపు ప్రతి రాయి మీదా పేరు, రెజిమెంటు, వయసు. 22, 24, 23. రాళ్ళ మధ్య నడుస్తుంటే వాళ్ళ మీద నాకేమీ ఈర్ష్య కలగలేదు, ఆ కుర్రాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు. కానీ బయటికి వచ్చి, ఇదే ఊళ్ళో కూలీలది ఎక్కడ అని అడిగితే హోటల్ వాళ్ళకు తెలియలేదు. వాట్ థావోర్న్ అనే గుడి ఆవరణలో కూలీల ఎముకలు తీసి పూడ్చిన చోట ఒక కట్టడం ఉందని ఆటో అతను తీసుకెళ్ళాడు. అక్కడ ఒక్కొక్కరి పేరూ ఉండదు. ఉండాలంటే ఎవరైనా రాసి పెట్టుకుని ఉండాలి.

మర్నాడు అదే లైను మీద నామ్ టోక్ దాకా రైలెక్కాను. విదేశీయులకు టికెట్టు అప్పుడు వంద బాట్లు. కౌంటరులో అమ్మాయి నవ్వుతూ ఇచ్చింది, వయసు అడగలేదు, ఎవరినీ ఆపలేదు. కొండ అంచున చెక్క వంతెన రాగానే బోగీలో అందరూ ఒక పక్కకు ఒరిగి ఫోటోలు తీసుకున్నారు. నేను కూడా తీసుకున్నాను. మంచి వ్యూ అది, కాదనలేం.

పరిహారం మాటకొస్తే, 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో యుద్ధ ఖైదీల కోసం ఒక ఆర్టికల్ ఉంది. ఖైదీ అంటే సైనికుడు. కూలీ అందులోకి రాడు.

మాకు మాత్రం బిల్లు వచ్చింది. తాత తిరిగొచ్చిన ఏడాదే మేస్త్రీ తరఫు మనిషి ఊళ్ళోకి వచ్చాడు. రంగూన్ పోయినా వాడి పుస్తకం పోలేదు. అడ్వాన్సులో ఇంకా మిగిలింది కట్టాలన్నాడు. నడిచొచ్చినవాడి దగ్గర ఓడ చార్జీ అడుగుతావా అని ఊళ్ళో నలుగురు అడ్డుపడ్డారు. పోయేటప్పుడు ఓడలోనే పోయాడు కదా అన్నాడు వాడు. తాతకు కోపం వచ్చిన రెండో సందర్భం ఇదే, కానీ బాకీ లేదని మాత్రం అనలేదు. పుస్తకంలో రెండు పేర్లున్నాయి. తమ్ముడిది కూడా తన పేరు కిందే రాసుకోమన్నాడు. వాడొచ్చాక వాడితో చూసుకుంటానన్నాడు. 1949లో ఆవుదూడను అమ్మి ఆఖరి వాయిదా కట్టాడు.